సూర్యుడి బొమ్మా, బల్బు బొమ్మా

అందరికీ నమస్కారం.

టేబుల్ మీదున్న కెమెరా కాసేపట్లో మీ చేతుల్లోకే వస్తుంది, కంగారు పడకండి. ఇది సూపర్ 8, ఇంట్లోవాళ్ళు సొంతంగా సినిమా తీసుకునే చిన్న ఫిల్మ్ కెమెరా. కోడాక్ వాళ్ళు 1965లో తెచ్చారు. అంతకుముందు, 1932 నుంచి ఉన్న 8 ఎంఎం రీలునైతే సగం తీశాక కెమెరా తెరిచి, తిరగేసి ఎక్కించాలి. నీడ చూసుకోకపోతే అంచుల్లో వెలుతురు పడి పాడయ్యేది. సూపర్ 8కి ఆ బాధ లేదు. 50 అడుగుల ఫిల్మ్ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంటుంది, టక్కున పెట్టేయడమే. సెకనుకు 18 ఫ్రేముల లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది.

బయట తీసేటప్పుడు కొత్తవాళ్ళకు వెలుతురు చాలదేమోనని టెన్షన్. మన ఎండలో చిక్కంతా అది ఎక్కువైతేనే. ఫిల్మ్ స్పీడంటే అది వెలుతురును ఎంత చురుగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె. ఎఫ్ అంకె లెన్సు కంతది, అది పెరిగేకొద్దీ కంత సన్నబడుతుంది. 50 స్పీడు ఫిల్మ్‌కే నడినెత్తి ఎండలో ఎఫ్ 16 దాకా వెళ్ళాలి. 500 స్పీడు పెట్టారా, ఎఫ్ 22కి మూసినా బొమ్మ తెల్లబోతుంది. పైగా అంత సన్న కంతలోంచి వచ్చే బొమ్మకు పదును పోతుంది. ఫ్రేమేమో కందిగింజంత. దాన్ని గోడ మీద దుప్పటంత చేసి చూస్తే ఆ లోపం దాగదు. అందుకే నేను వెలుతురును తగ్గించే బూడిదరంగు ఎన్‌డీ ఫిల్టర్ బిగించి ఎఫ్ 5.6కో, 8కో తెచ్చుకుంటాను. అప్పుడు వ్యూఫైండర్ చీకటిగా ఉంటుంది కాబట్టి తల మీద తువ్వాలు కప్పుకుని చూస్తాను. పిల్లలు నవ్వుతారు, నవ్వనీండి.

ఇక కెమెరా పక్కనున్న ఈ చిన్న మీట సంగతి. ఒకవైపు సూర్యుడి బొమ్మ, ఇంకోవైపు బల్బు. అప్పట్లో ఇందులో ఎక్కువగా వాడిన కోడాక్రోమ్ 40 బల్బు వెలుతురు కోసం చేసిన ఫిల్మ్. పగటిపూట బయట తీస్తే నీలం కొడుతుంది. దానికి విరుగుడుగా లోపల నారింజరంగు ఫిల్టర్ పెట్టారు. మీట సూర్యుడి వైపు తిప్పితే అది అడ్డం వస్తుంది. ఇప్పటి 50డి, ఎక్టాక్రోమ్ 100డి పగటి ఫిల్ములే. వాటికి మిట్టమధ్యాహ్నమైనా మీట బల్బు వైపే ఉండాలి.

ఈ మీట తప్పుగా నేనూ ఒకసారి పెట్టాను, నాకు తెలియక కాదు. ఉప్పాడ ఒడ్డున పొద్దున్నే వల లాగుతున్నారు. ఆ హడావిడిలో, పాత అలవాటు కొద్దీ మీట సూర్యుడి వైపు నొక్కేశాను. కెమెరాలోని వెలుతురు కొలిచే మీటరు లెన్సులోంచే కొలుస్తుంది కదా, ఫిల్టర్ తినేసిన వెలుతురును తనే సర్దేసింది. ఎక్కడా అనుమానం రాలేదు. నెలన్నర తర్వాత ల్యాబ్ నుంచి రీలొచ్చింది. సముద్రం, ఇసుక, మనుషులు, అన్నీ చింతపండు పులుసులో ముంచి తీసినట్టున్నాయి! అది ఎక్టాక్రోమ్, రివర్సల్ ఫిల్మ్. నెగెటివ్ ఉండదు, కడిగితే వచ్చిందే బొమ్మ. స్కాన్ చేశాక కంప్యూటర్‌లో ఎంత లాగినా ఆకాశానికి నీలం రాలేదు.

అప్పట్నుంచి మీట బల్బు వైపు పెట్టి, పైన ప్లాస్టర్ అంటించేశాను. కెమెరా మీ చేతికొచ్చాక దాన్ని మాత్రం పీకకండి.