ఏ జాతి, ఏ తీరం, ఎవరి లెక్క?

(గుంటూరులో సైన్స్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తోటి సైన్స్ టీచర్లందరికీ నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల చేత హార్స్‌షూ క్రాబ్‌ల సంరక్షణ మీద గ్రూప్ ప్రాజెక్టు ఎలా చేయించాలో చెప్పమన్నారు. "గుంటూరులో సముద్రమే లేదు, ఆ గుర్రపునాడా పీతను మనమే చూడలేదు, పిల్లలకేం చెబుతాం మేడమ్?" అని ఇందాక టీ తాగేటప్పుడు ఒక మాస్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కళ్లతో చూడని జీవి గురించి రాయాలంటే ఎవరో చెప్పింది నమ్మాలి. ఎవరిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం నేర్పడానికి ఇంతకంటే మంచి టాపిక్ నాకైతే కనబడలేదు.

మామూలుగా ఏం జరుగుతుందో మనకు తెలుసు. టాపిక్ బోర్డు మీద రాస్తాం. మర్నాటికి చార్టు వచ్చేస్తుంది. నీలం రక్తం, డైనోసార్ల కంటే పాతది, చివర్లో "కాపాడుకుందాం". చేతిరాత బాగున్న పిల్ల రాస్తుంది, మిగతా ఐదుగురూ అంచులు పట్టుకుని నిలబడతారు. మనం ఫార్మేటివ్ మార్కులు వేసేస్తాం. ఆ చార్టులో తప్పు ఒక్కటీ లేకపోవచ్చు. కానీ ప్రశ్న కూడా లేదు.

అందుకని నేనొక పని చేయించమంటాను. పిల్లలు తెచ్చిన ప్రతి వాక్యం పక్కన మూడు గళ్లు గీయించండి. ఇది ఏ జాతి గురించి? ఏ తీరం గురించి? ఎవరు లెక్కపెట్టారు?

ప్రపంచంలో ఉన్నవి నాలుగే జాతులు. పేరుకు పీతలే గానీ సాలీళ్లకూ తేళ్లకూ దగ్గరి చుట్టాలు. ఒక జాతి ఉత్తర అమెరికా తూర్పు తీరంలో ఉంటుంది, మూడు ఆసియాలో. మన దేశంలో రెండున్నాయి: టాకిప్లియస్ గైగాస్, మడ అడవుల దగ్గర బతికే కార్సినోస్కార్పియస్ రొటుండికాడా. ఇవి ముఖ్యంగా ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాల్లో కనిపిస్తాయి. అయితే ఫోన్‌లో వెతికితే వచ్చేదంతా దాదాపు అమెరికా జాతి గురించే. మే, జూన్‌లలో పౌర్ణమి, అమావాస్యల పోటుకు డెలావేర్ అఖాతం ఒడ్డున అవి గుడ్లు పెట్టడం, ఆర్కిటిక్‌కు వెళ్లే రెడ్ నాట్ పక్షులు దిగి ఆ గుడ్లు తినడం. అన్నీ నిజాలే. మనవాడు వాటిని తెచ్చి బంగాళాఖాతానికి అతికిస్తాడు, అక్కడ వస్తుంది తంటా.

రక్తం సంగతి పిల్లలకు బాగా ఇష్టం, కాబట్టి దాని మీద కాస్త ఎక్కువ సమయమే ఇవ్వండి. మన రక్తంలో ఇనుముంటే దీని రక్తంలో రాగి ఉంటుంది, అందుకే నీలం. రంగు కంటే గొప్ప సంగతి దాని రక్తకణాలది. బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం కాస్త తగిలినా చాలు, అవి గడ్డ కట్టిస్తాయి. 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని గమనించి రాశారు. తర్వాత జాక్ లెవిన్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి దాన్ని ఒక పరీక్షగా మలిచారు. ఇంజెక్షన్లు, సెలైన్, టీకాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఈ పరీక్షను వాడడానికి 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అంతకుముందు మందును కుందేళ్లకు ఎక్కించి జ్వరం వస్తుందేమో చూసేవారు. పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్న వాళ్లు లేని ఇల్లు మన ఊళ్లో ఉండదు కదా, సముద్రం లేకపోయినా సంబంధం అక్కడ దొరుకుతుంది.

అమెరికాలో రక్తం తీసి పీతలను మళ్లీ నీళ్లలో వదులుతారు. వాటిలో ఎన్ని చస్తాయి? అక్కడి మత్స్య కమిషన్ 15 శాతం అని లెక్క కడుతుంది, కొన్ని అధ్యయనాలు 30 శాతం దాకా వెళ్తాయి. రెండూ పిల్లల ముందు పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో అడగండి. నీళ్ల బయట ఎంతసేపు ఉంచారు, ఎన్ని రోజులు గమనించారు అన్న ప్రశ్నలు వాళ్లే వేస్తారు. ఇంకో చురుకైన గ్రూపు ఉంటే దీన్ని ఇవ్వండి: సింగపూర్‌లో జీక్ లింగ్ డింగ్, బో హో అనే శాస్త్రవేత్త దంపతులు ఆ మడ అడవి జాతి జన్యువు నుంచే రక్తం అక్కర్లేని పరీక్షకు దారి వేశారు. ఐరోపా ఔషధ ప్రమాణాల్లో 2021 నుంచి దానికి చోటుంది. మరి పీత రక్తం ఇంకా ఎందుకు వాడుతున్నారు?

మన వైపు కష్టాలు వేరు. చేపల వలల్లో చిక్కుకోవడం, గుడ్లు పెట్టే ఇసుక ఒడ్లు పాడవడం. "రక్తం కోసం చంపేస్తున్నారు" అని ఒడిశా పేరు మీద రాస్తే మూడు గళ్లలో ఏదో ఒకటి ఖాళీగా మిగులుతుంది.

సూర్యలంకకో నిజాంపట్నానికో తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లండి, హెడ్మాస్టరు గారికీ తల్లిదండ్రులకూ చెప్పి. మత్స్యకారులతో మాట్లాడేటప్పుడు "బాబాయ్ గారూ, ఇవి అంతరించిపోతున్నాయి కదా" అని అడగనివ్వకండి. అవునంటారు, పని అయిపోతుంది. ఫొటో చూపించి, "దీన్ని ఎప్పుడైనా చూశారా? ఎక్కడ? వలలో పడితే ఏం చేస్తారు?" అనమనండి. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు, వలలో పడ్డాయని చెప్పినవాళ్లకు ఇబ్బంది రాకూడదు కాబట్టి వాళ్ల పేర్లు రాయించవద్దు. "ఎప్పుడూ చూడలేదు" అన్నదీ సమాధానమే, దాన్నీ నోట్సులో ఎక్కించాలి.

మరో మాట. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అమెరికా జాతి ప్రమాదానికి లోనయ్యేదిగా ఉంది. జపాన్, చైనా వైపు ఉండే జాతిని 2019లో ఆపదలో ఉన్నదిగా చేర్చారు. మన రెండింటికీ మాత్రం "సమాచారం చాలదు" అని ఉంది. అంటే క్షేమంగా ఉన్నాయని కాదు, లెక్కపెట్టినవాళ్లు తక్కువని. ఒక గ్రూపు చివరికి అదే రాసి, ఎందుకు తేల్చలేకపోయిందో చెప్పగలిగితే పూర్తి మార్కులు వేయండి. వైవాలో ఒకరు రాసిన వాక్యం గురించి ఇంకొకరిని అడగండి, గ్రూపు పని ఎంత జరిగిందో అప్పుడే తేలిపోతుంది.

ఇక టైం సంగతి. అంతర్జాతీయ హార్స్‌షూ క్రాబ్ దినం జూన్ 20న, అంటే మన బడులు తెరిచిన కొత్తల్లోనే. ఆ రోజు ర్యాలీలు, నినాదాలు వద్దండీ. ప్రతి గ్రూపూ తన ప్రశ్న రాసివ్వడానికి దాన్ని గడువుగా పెట్టుకోండి. దసరా సెలవుల లోపు రిపోర్టు మీ టేబుల్ మీద ఉండాలి.