గ్రనాడాలో గోయా పురస్కారాల రాత్రి

అందరికీ నమస్కారం. స్పెయిన్‌లో సినిమా అవార్డులు ఎలా ఇస్తారు, ఎవరెవరు వస్తారు, ఆడవాళ్లు ఎలాంటి బట్టలు కట్టుకుంటారు అని మా అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. ఆవిడ కోసమూ, మీ అందరి కోసమూ ఈ వీడియో చేస్తున్నాను. ఇక్కడి జాతీయ సినిమా పురస్కారాలను గోయా పురస్కారాలంటారు. స్పెయిన్ సినిమా అకాడమీ 1986లో ఏర్పడింది, మరుసటి ఏడాది మార్చిలో మాడ్రిడ్‌లో మొదటి వేడుక జరిగింది. ఇటీవలి సంవత్సరాలలో మాత్రం ఒక్కోసారి ఒక్కో నగరానికి తీసుకువెళుతున్నారు. 2025 ఫిబ్రవరి 8న ఆ వంతు మేముంటున్న గ్రనాడాకు వచ్చింది.

లోపలికి సినిమావారికీ ఆహ్వానితులకూ తప్ప ప్రవేశం లేదు కనుక, మా పక్క ఫ్లాటులో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంట్లో కూర్చుని టీవీలో చూశాను. రాత్రి పది గంటలకు మొదలైంది, అంటే మీకు తెల్లవారుజాము రెండున్నర. ఇక్కడివారు రాత్రి భోజనానికి కూర్చునేదే తొమ్మిది దాటాక కాబట్టి ఆ వేళ ఎవరికీ వింతగా తోచదు. ఆవిడ బంగాళాదుంపలతో చేసిన మందపాటి ఆమ్లెట్టును ముక్కలుగా కోసి ఇచ్చి, ఉప్పు పట్టించిన పొద్దుతిరుగుడు గింజల గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టారు. కళ్లు టీవీ మీద నుంచి తిప్పకుండానే, పళ్లతో గింజను చిట్లించి, పప్పు లోపలికి, పొట్టు గిన్నెలోకి పంపించే ఆవిడ నేర్పు చూసి తీరవలసిందే.

బహుమతిగా ఇచ్చేది ఫ్రాన్సిస్కో గోయా అనే చిత్రకారుడి కంచు తల. సినిమా గౌరవానికి ఒక చిత్రకారుడి పేరు పెట్టుకున్నారు, అది నాకు ఎంతో నచ్చింది. అంతకన్నా నచ్చిన విషయం ఒకటుంది. సౌండ్, ఎడిటింగ్, మేకప్, కాస్ట్యూమ్స్, ఆర్ట్ డైరెక్షన్, ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్, ఇలా ఏ విభాగం పురస్కారమైనా పెద్ద నటులు అందుకునే ఆ వేదిక మీదే, దేశమంతా చూస్తున్న ఆ ప్రత్యక్ష ప్రసారంలోనే ఇస్తారు. గెలిచినవారు నలుగురైతే నలుగురూ పైకి వస్తారు, భార్యాపిల్లలనూ తోటి పనివారినీ పేరుపేరునా తలుచుకుంటారు. అందువల్ల వేడుక ఒంటిగంట దాటేదాకా సాగింది. చాలా సుదీర్ఘమని ఇక్కడ కూడా ఏటా గొణిగేవారుంటారు గానీ, ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే మా నాన్నగారు తెనాలిలో ఒక సినిమా హాలులో ఆపరేటరుగా పనిచేశారు. ప్రొజెక్టరులో కార్బన్ కడ్డీలు మార్చుకుంటూ, క్యాబిన్ కన్నంలోంచి ప్రతి సినిమా టైటిల్స్ పూర్తిగా చదివేవారు. ఆ సమయానికి కింద జనం టార్చిలైటు వెలుతురులో సీట్లు వెతుక్కుంటూ ఉండేవారు. ఫలానా సినిమాకు శబ్దగ్రహణం ఎవరు, కూర్పు ఎవరు అని అడిగితే ఈనాటికీ తడుముకోకుండా చెబుతారు. ఆ రాత్రి సౌండ్ పురస్కారం ‘సెగుందో ప్రెమియో’ చిత్రానికి వచ్చింది. ఈ గ్రనాడా రాక్ బృందం ఒకదాని చుట్టూ అల్లిన కథ అది. మా పెద్దావిడ గింజల గిన్నె పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. ఆ పక్కన నాన్నగారు కూర్చుని ఉంటే బాగుండుననిపించి, కాసేపు నాకు మాట రాలేదు.

ఆ చిత్రానికే ఎడిటింగూ, దర్శకత్వమూ కూడా వచ్చాయి. ఉత్తమ చిత్రం దగ్గరకు వచ్చేసరికి, గోయాల చరిత్రలోనే మొదటిసారిగా రెండు చిత్రాలకు ఓట్లు సమానమయ్యాయి. ఒకటి ‘లా ఇన్ఫిల్ట్రాదా’, రెండోది ‘ఎల్ 47’. రెండోదాని కథ ఇది: బార్సెలోనాలో కొండ మీద వలస కూలీలు కట్టుకున్న తోర్రె బారో అనే పేట ఉంది. ‘ఆ ఇరుకు దారుల్లో బస్సు తిరగదు’ అని అధికారులు అంటుంటే, మనోలో విటాల్ అనే డ్రైవరు 1978లో తాను నడిపే 47వ నంబరు బస్సును దారి మళ్లించి ఆ పేటలోకి ఎక్కించి చూపించాడు. జరిగిన సంగతే ఇది.

ఆ చిత్రంలో స్పానిష్‌తో పాటు బార్సెలోనా ప్రాంతపు భాష అయిన కటలాన్ కూడా వినిపిస్తుంది. మన జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ తమిళ చిత్రం అని ఒక్కో భాషకూ విడిగా ఇస్తారు కదా, ఇక్కడ అలా లేదు. కటలాన్, గలీసియన్, బాస్క్ అనే ఇక్కడి ప్రాంతీయ భాషల చిత్రాలన్నీ స్పానిష్ చిత్రాలతో కలిసి ఒకే పంక్తిలో పోటీ పడాలి. 2011లో ‘పా నెగ్రే’ అనే కటలాన్ చిత్రం ఉత్తమ చిత్రంగా గెలిచింది కూడా. చిన్న భాషకు విడిగా ఒక పీట వేయడం మంచిదా, అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం మంచిదా అని నన్నడిగితే, పీట ఉండాలి, పంక్తిలోనూ చోటుండాలి అంటాను.

ఇక సినిమా చూసే ఖర్చు సంగతి. హాలులో మామూలు టిక్కెట్టు సుమారు 8 యూరోలు, 2025 ఫిబ్రవరి నాటి మారకం రేటులో సుమారు 720 రూపాయలు. 65 ఏళ్లు నిండినవారికి మాత్రం 2025లో ప్రభుత్వ సాయం ఉంది గనుక చాలా హాళ్లలో మంగళవారం నాడు 2 యూరోలే, అంటే 180 రూపాయలు. గెలిచిన చిత్రాలను హాళ్లవారు మళ్లీ వేస్తున్నారు. వచ్చే మంగళవారం పెద్దావిడ 180 రూపాయలకూ, నేను 720 రూపాయలకూ ‘ఎల్ 47’ చూడబోతున్నాం. టైటిల్స్‌లో సౌండ్ ఇంజనీరు పేరు రాసుకుని వచ్చి నాన్నగారికి చెప్పాలి.