మూడు ఓట్ల దీవి

శ్రోతలకు నమస్కారం.

మారిషస్ అనగానే మనవాళ్లకి తట్టేది సముద్రతీరం, కొత్త దంపతుల ప్రయాణాలు. కాస్త వయసున్నవాళ్లకి 1990లో అక్కడ జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు కూడా గుర్తుండొచ్చు. నేను మాట్లాడబోయేది మాత్రం ఆ దేశపు పోలింగు బూతు గురించి, పోలీసు లాకప్పు గురించి. మొదటిదాంట్లో రాజుగా ఉండే పౌరుడు రెండోదాంట్లో ఎందుకంత బక్కచిక్కిపోతాడన్నదే నా ప్రశ్న.

1968 మార్చి 12న మారిషస్‌కు బ్రిటిషువాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. 1992లో సరిగ్గా అదే తేదీన గణతంత్రమైంది. జనాభా పన్నెండున్నర లక్షలు, అంటే మన విశాఖపట్నం కంటే తక్కువే. ఇన్నేళ్లలో ప్రధానమంత్రులైనవాళ్లు ఐదుగురు. అందులో నలుగురు రెండే ఇళ్లవాళ్లు: రామ్‌గులామ్‌లు, జగ్‌నాథ్‌లు. తండ్రుల తర్వాత కొడుకులు. ఈ కథ మనకేమీ కొత్త కాదు కాబట్టి దాని దగ్గర ఆగను. ఆ పెద్దింటివాళ్లను జనం గద్దె దించే పద్ధతే చూడాలి.

1982 ఎన్నికల్లో, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు, మొదటి ప్రధాని సర్ శివసాగర్ రామ్‌గులామ్ పార్టీ ప్రధాన ద్వీపంలోని 60 సీట్లలో ఒక్కటంటే ఒక్కటీ గెలవలేదు. ఆయనా ఓడిపోయారు. 1995లో మళ్లీ 60కి 60, ఈసారి దెబ్బ తిన్నది జగ్‌నాథ్ వర్గం. 2024 నవంబరు 10న మూడోసారి అదే జరిగింది. అప్పటి ప్రధాని ప్రవింద్ జగ్‌నాథ్ తన సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయారు. లెక్కింపు ఇంకా సాగుతుండగానే ఓటమి ఒప్పుకున్నారు. సైన్యం వీధుల్లోకి రావడం లాంటివి అక్కడ లేవు. అసలు మారిషస్‌కు సైన్యమే లేదు.

ఇలా ఊడ్చిపెట్టినట్టు ఎందుకు గెలుస్తారంటే, అక్కడ ఓటు వేసే తీరు అలాంటిది. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు. ఒక్కోదాని నుంచి ముగ్గురు సభ్యులు. ఓటరు చేతికి ఒకే బ్యాలెట్ కాగితం ఇస్తారు, దాని మీద మూడు గుర్తులు పెట్టాలి. ముగ్గురికీ వేయాల్సిందే. ఇద్దరికే వేసి, మూడోవాడెవడూ నాకు నచ్చలేదని ఊరుకుంటే ఆ కాగితం చెల్లదు. దాంతో పార్టీలన్నీ ‘మా ముగ్గురికీ కలిపి గుద్దండి’ అని అడుగుతాయి, జనమూ చాలావరకు అలాగే గుద్దుతారు. గాలి కాస్త ఒకవైపు వీచిందా, సీట్లన్నీ అటే. 2024లో గెలిచిన కూటమికి వచ్చిన ఓట్లు అరవై శాతానికి కాస్త పైన. సీట్లేమో మొత్తం. అంతకుముందు 2019లో, 37 శాతం చిల్లర ఓట్లతో జగ్‌నాథ్ కూటమి 38 సీట్లు తెచ్చుకుని ప్రభుత్వాన్ని నడిపింది. వాళ్లకు ఓటెయ్యనివాళ్లే దేశంలో ఎక్కువ.

ఇలాంటి పద్ధతిలో చిన్న వర్గాలు మునిగిపోతాయన్న భయం స్వాతంత్ర్యానికి ముందే ఉంది. దానికి విరుగుడుగా రాజ్యాంగంలో ‘బెస్ట్ లూజర్’ సీట్లు పెట్టారు. ఓడినవాళ్లలో బాగా ఓట్లు తెచ్చుకున్నవాళ్ల నుంచి ఎనిమిది మంది దాకా సభలోకి తీసుకుంటారు. ఎవరిని తీసుకోవాలి? ఏ వర్గానికి ప్రాతినిధ్యం తక్కువైందో ఆ వర్గంవాళ్లని. అందుకోసం రాజ్యాంగమే పౌరులను నాలుగు గంపల్లో వేసింది. హిందువులు, ముస్లింలు, చైనా మూలాలవాళ్లు. తన జీవన విధానాన్ని బట్టి ఈ మూడింటిలో దేనికీ చెందినట్టు కనిపించని ప్రతి మనిషీ ‘సాధారణ జనాభా’ అనే నాలుగో వర్గం. ఎవరి జీవన విధానాన్ని ఎవరు చూసి తేలుస్తారో ఆ వాక్యం రాసినవాళ్లకే తెలియాలి.

ఈ లెక్క మనవాళ్లకూ వర్తిస్తుంది. కోరంగి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందాల మీద వెళ్లిన తెలుగువాళ్ల సంతతి అక్కడుంది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. వాళ్లకి సొంత సభలున్నాయి, రామమందిరాలున్నాయి. కానీ ఎన్నికల లెక్కలో తెలుగు అనే గంప లేదు. తెలుగు హిందువైనా, తమిళుడైనా, భోజ్‌పురి మాట్లాడేవాడైనా అందరూ ‘హిందూ’ అన్న ఒకే పద్దు కింద జమ.

అసలు చిక్కు ఇంకొకటి. ఈ సీట్లు పంచడానికి వాడే జనాభా లెక్కలు 1972 నాటివి. ఆ తర్వాతి జనగణనల్లో వర్గం ప్రశ్నే తీసేశారు. అంటే యాభై ఏళ్ల కిందటి జనం ఇవాళ్టి శాసనసభ కూర్పును నిర్ణయిస్తున్నారు. పైగా అభ్యర్థి నామినేషన్ కాగితంలో తన వర్గం రాసి తీరాలి. రాయకపోతే నామినేషన్ చెల్లదు. ‘నేను మారిషస్ పౌరుణ్ణి, అంతే’ అన్నవాళ్ల కాగితాలు తిరస్కరించారు. రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నేటివ్ అనే చిన్న వామపక్షం వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2012లో కమిటీ వాళ్ల వైపే చెప్పింది: పాత లెక్కలు పెట్టుకుని వర్గం చెప్పమని బలవంతపెట్టడం పోటీచేసే హక్కుకు భంగమేనని. 2014 ఎన్నికలకు ఒక్కసారికి సడలింపు ఇచ్చారు. తర్వాత మళ్లీ పాత పాటే.

ఇక లాకప్పు సంగతి. అక్కడి పోలీసులు అనుమానం మీద ఒక మనిషిని పట్టుకుని ‘తాత్కాలిక అభియోగం’ నమోదు చేయొచ్చు. సాక్ష్యం పూర్తిగా సమకూరక ముందే మనిషి కటకటాల వెనక ఉంటాడు. కేసు కొన్నేళ్ల తర్వాత వీగిపోయినా, లోపల గడిపిన రోజులు గడిపినవే. 1999 ఫిబ్రవరిలో కాయా అనే ప్రసిద్ధ గాయకుణ్ణి గంజాయి తాగాడని అరెస్టు చేశారు. కొద్ది రోజులకే రాజధాని పోర్ట్ లూయిస్‌లో పోలీసుల అదుపులో ఉండగా చనిపోయాడు. ద్వీపమంతా రోజుల తరబడి అల్లర్లు. ఆయన ఎలా పోయాడన్న వివాదం ఇప్పటికీ సద్దుమణగలేదు.

మాటకూ అంతే. 1971 చివర్లో అత్యవసర పరిస్థితి విధించి, పత్రికలపై సెన్సారు పెట్టి, ప్రతిపక్ష నాయకులను జైల్లో వేశారు. 1972లో జరగాల్సిన ఎన్నికలు 1976 దాకా జరగలేదు. అప్పుడు జైలుకెళ్లిన పాల్ బెరాంజేయే 2003లో ప్రధాని అయ్యారు. ఇందాక చెప్పిన ఐదుగురిలో ఆ రెండిళ్లకీ చెందనివాడు ఆయనొక్కడే. ఈ కాలంలో సెన్సారు అవసరం లేదు, ఫోను చాలు. 2020 లాక్‌డౌన్‌లో ప్రధానమంత్రిని వెటకారం చేసే ఒక బొమ్మను ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు ఒక మహిళను అరెస్టు చేశారు. ఎదుటివాళ్లకు చిరాకు, ఇబ్బంది కలిగించడం కూడా నేరమయ్యేలా టెలికాం చట్టం ఉంది మరి. చిరాకు పుట్టించని రాజకీయ విమర్శ నేనైతే ఎక్కడా వినలేదు. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి: 2021లో చట్టం మార్చి, ప్రైవేటు రేడియోల లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఏడాదికి కుదించారు. ప్రతి ఏడాదీ ప్రభుత్వం గుమ్మం ముందు నిలబడాల్సిన స్టేషను ఎంత ధైర్యంగా వార్త చదువుతుందో మీరే ఊహించండి.

2024 అక్టోబరులో ఓటు దారీ, లాకప్పు దారీ ఎదురుపడ్డాయి. మిస్యే ముస్తాస్, అంటే మీసాలాయన, అనే మారుపేరుతో ఎవరో నాయకులవీ, పాత్రికేయులవీ, లాయర్లవీ ఫోను సంభాషణలు ఒక్కొక్కటే బయటపెట్టడం మొదలుపెట్టారు. దేశంలో ఇంతమంది ఫోన్లు వింటున్నారా అని జనం నోరెళ్లబెట్టారు. పోలింగు పది రోజులు ఉందనగా ప్రభుత్వం ఆ రికార్డింగుల్ని ఆపడానికి సోషల్ మీడియా మొత్తాన్ని నవంబరు 11 దాకా, అంటే పోలింగు మర్నాటి దాకా, మూసేయమని ఆదేశించింది. జనం, పత్రికలు, ప్రతిపక్షం ఒక్కటై విరుచుకుపడేసరికి మర్నాడే ఆ ఆదేశం వెనక్కి పోయింది. పదో తారీఖు పోలింగులో ఫలితం ఏమైందో ముందే చెప్పాను.

ఇక్కడో తమాషా ఉంది. 60కి 60 గెలిచిన ఆ సభలో ప్రధాన ద్వీపం నుంచి ప్రతిపక్షం కుర్చీల్లో కూర్చున్నవాళ్లు బెస్ట్ లూజర్లుగా వచ్చినవాళ్లే. వర్గాల లెక్క అన్యాయమని పోరాడిన రెజిస్టాన్స్ వాళ్లేమో ఈసారి గెలిచిన కూటమిలో ఉన్నారు, వాళ్ల నాయకుడు మంత్రి అయ్యారు. రాజ్యాంగంలోని ఆ నాలుగు గంపలను తీసేయాలంటే సభలో ముప్పావు వంతు మంది ఒప్పుకోవాలి. అంత బలం ఈ కూటమికి ఎన్నికల ఫలితాలతోనే చేతికొచ్చింది. అయితే ఆ సీట్లు తీసేసి వాటి స్థానంలో మరొకటి పెట్టకపోతే, ఇంకో 60-0 వచ్చిన రోజున ప్రధాన ద్వీపం నుంచి ప్రభుత్వాన్ని నిలదీయడానికి సభలో ఒక్కడూ మిగలడు.

నమస్కారం.