తినని చక్కెర

శ్రోతలకు నమస్కారం.

యాసంగి వరికోతలు అయిపోయిన రోజుల్లో ఒకసారి, పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్న ఒక రైతు కుటుంబపు మహిళ భర్తతో కలిసి నా దగ్గరికి పరీక్షకు వచ్చారు. రోజూ పరగడుపున గ్లూకోమీటరుతో చూసుకొని, కూతురి పాత నోటుపుస్తకంలో తేదీ వేసి అంకె రాసుకోవడం ఆమెకు అలవాటు. ఆ పుస్తకంలో 130, 126, 134 అని నిలకడగా సాగిన వరుస ఉన్నట్టుండి 198, 221, 209 అయింది. "మొన్న పెండ్లికి పోయి లడ్డూలు తిన్నది సార్" అని భర్త గట్టిగానే అన్నారు. ఆమె తల దించుకొని, "ఏం తినలే సారూ. అన్నమే తినబుద్ధి కాలే. వాన కొడుతుంటే మూడు రాత్రులు వడ్ల కాడనే ఉన్న" అన్నారు. కొనుగోలు కేంద్రంలో ఆరబోసిన ధాన్యం, దాని మీద చాలీచాలని పరదాలు, కాంటా ఎప్పుడవుతుందో తెలియని ఎదురుచూపు ఆ మూడు అంకెల వెనుక ఉన్నాయి. ఆమె చెప్పినదాన్ని నేను పూర్తిగా నమ్మాను, ఎందుకంటే తినకపోయినా రక్తంలో చక్కెర పెరుగుతుంది.

ఆ చక్కెర కాలేయం నుంచి వస్తుంది. మనం తిన్న ఆహారంలోని గ్లూకోజులో కొంత భాగాన్ని కాలేయం గాదెలో గింజలు పోసినట్టు గ్లైకోజెన్ రూపంలో నిల్వ చేసుకుంటుంది. భయమో ఆందోళనో కలిగిన క్షణాన, మెదడు ఆజ్ఞ మేరకు, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు మొదట అడ్రినలిన్‌ను, ఆ వెనుక కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. అడ్రినలిన్ ఆ గాదె తలుపులు తీయిస్తుంది. కార్టిసాల్ కొత్తగా గ్లూకోజును తయారు చేయమని కాలేయాన్ని ప్రేరేపిస్తూనే, రక్తంలోని చక్కెరను కండరాలలోకి చేర్చే ఇన్సులిన్ అనే హార్మోను పనిని మందగింపజేస్తుంది. కాళ్ల ముందు పాము కనిపించినప్పుడు పరుగెత్తడానికి కావలసిన ఇంధనం ఇదే, పరుగెత్తితే అది ఖర్చైపోతుంది. కానీ అప్పు గురించో, పిల్లల చదువు గురించో కూర్చున్న చోటనే కుమిలిపోయేవారికి అది ఖర్చయ్యే దారి లేదు. మధుమేహం లేనివారిలో అదనంగా ఊరిన ఇన్సులిన్ ఆ చక్కెరను సర్దేస్తుంది, ఉన్నవారిలో అది గంటల తరబడి రక్తంలోనే నిలిచిపోతుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రాన్ని బోధించిన వాల్టర్ కానన్, భయపడిన పిల్లుల మూత్రంలో చక్కెర కనిపిస్తున్నదని 1911లో ప్రకటించారు. ఆ తరువాత 1913లో, ఫుట్‌బాల్ చివరి పోటీ ముగిసిన వెంటనే హార్వర్డ్ జట్టులోని 25 మందికి మూత్ర పరీక్ష చేస్తే 12 మందిలో చక్కెర కనిపించింది. ఆ 12 మందిలో అయిదుగురు అసలు మైదానంలో అడుగే పెట్టలేదు, తమను పిలుస్తారేమోనని బయట కూర్చొని ఎదురుచూసినవారు. ఈ అయిదుగురు గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు వడ్ల కుప్ప పక్కన కూర్చున్న ఆ తల్లే గుర్తుకు వస్తారు.

అయితే అందరి శరీరమూ ఒకే తీరుగా స్పందించదు. ముఖ్యంగా ఇన్సులిన్ దాదాపుగా ఊరని టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో, ఆందోళన వేళ కొందరికి చక్కెర పెరిగితే, మరికొందరికి తగ్గుతుంది. పైగా దిగులు నేరుగా చేసేది కొంతైతే, దాని వెంట వచ్చే నిద్రలేమి, వేళ తప్పిన తిండి, మరచిపోయిన మాత్ర చేసేది మరికొంత.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి నిదానంగా చెప్పాలి. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు ఆందోళనలోనూ వస్తాయి, చక్కెర బాగా పడిపోయినప్పుడూ వస్తాయి. "టెన్షన్ వల్లే" అనుకొని పడుకోబెట్టడం గానీ, షుగర్ పడిపోయిందనుకొని అదే పనిగా తీపి తినిపించడం గానీ తగదు. ముందు గ్లూకోమీటరుతో చూడాలి. అంకె 70 కంటే తక్కువగా ఉండి, మనిషి స్పృహలో ఉంటే, మూడు టీ చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. గ్లూకోమీటరు అందుబాటులో లేకపోతే మాత్రం చక్కెర పడిపోయిందనే భావించి తీపి ఇవ్వడమే క్షేమం. అలాగే రెండు రోజులు అంకె పెరిగిందని ఇన్సులిన్ మోతాదును సొంతంగా పెంచుకోకండి, మనసు కుదుటపడిన రోజున అదే మోతాదు చక్కెరను పడదోయవచ్చు. పెరిగిన అంకె మూడు నాలుగు రోజులైనా దిగకపోతే, దిగులు వల్లేనని సరిపెట్టుకోకుండా వైద్యుని చూడాలి, ఎందుకంటే లోపల ఏదైనా ఇన్ఫెక్షన్ ఉన్నా చక్కెర ఇలాగే పెరుగుతుంది. వాంతులు, ఆయాసం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లోవారికి నాదొక విన్నపం. అంకె చూడగానే "ఏం తిన్నావు?" అని నిలదీయకండి. ఆ ప్రశ్న ఎదుటి మనిషిని దోషిగా నిలబెడుతుంది, రేపటి అంకెను దాచిపెట్టేలా చేస్తుంది. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగి చూడండి. ఏళ్ల తరబడి మందులు, సూదులు, పథ్యంతో బతికేవారికి ఆ జబ్బు మీదనే విసుగూ దిగులూ పుట్టడం సహజం. దాన్ని కూడా వైద్యునితో చెప్పుకోవచ్చు. వైద్యుని దగ్గర చెప్పడానికి మనసొప్పకపోతే, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. భోజనం తరువాత పదిహేను నిమిషాల నడక, వేళకు నిద్ర, నిదానంగా తీసే శ్వాస మేలు చేస్తాయి, కాకపోతే మాత్ర చేసే పని అవి చేయవు.

ఆ తల్లికి ఆ రోజు నేను మందు మార్చలేదు. అంకె పక్కన ఆ రోజు ఎలా గడిచిందో రెండు మాటలు రాయించమని మాత్రం చెప్పాను. నెల తరువాత తెచ్చిన పుస్తకంలో ఒక వరుసలో 138 అని ఉంది, దాని పక్కన కూతురి గుండ్రటి అక్షరాలతో "వడ్లు కాంటా అయినయి" అని రాసి ఉంది.