1969 కమారోని కస్టమర్ కోసం మళ్లీ కట్టడం: డబ్బంతా ఎక్కడికి పోతుంది?

[దృశ్యం: ట్రెయిలర్ మీద నుంచి గ్యారేజీలోకి దిగుతున్న, రంగు వెలిసిన 1969 షెవర్లే కమారో]

వాయిస్: అమెరికాలో ఇలాంటి పాత మజిల్ కారు, అంటే పెద్ద ఇంజిన్ పెట్టిన వేగమైన అమెరికన్ కారు, తెచ్చే కస్టమర్లలో చాలామంది అడిగేది ఒకటే. చూడ్డానికి 1969లా ఉండాలి, నడిపితే ఇప్పటి కారులా ఉండాలి. ఇలా కట్టే బండిని రెస్టోమాడ్ అంటారు. బిల్లు చూశాక "ఇంజిన్ అంత ఖరీదా?" అని అడుగుతారు. కాదండీ. పని గంటల్లో పెద్ద వాటా రేకు పనికి, పెయింట్‌కి పోతుంది.

[క్లోజప్: అద్దంలోంచి కనిపించే డ్యాష్‌బోర్డు మీది వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) ప్లేటు]

స్పానర్ పట్టేముందు నంబర్లు చదవాలి. 1969 కమారో నంబరు 123తో మొదలైతే ఫ్యాక్టరీలో ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టారని అర్థం, 124 అయితే వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. మధ్యలో ఎన్ ఉంటే ఒహాయోలోని నార్వుడ్‌లో, ఎల్ ఉంటే లాస్ ఏంజెలెస్ దగ్గరి వాన్ నైస్‌లో తయారైంది. ఇంజిన్ బ్లాక్ మీద చెక్కిన నంబరు ఈ ప్లేటుతో కలిస్తే, అది పుట్టినప్పటి ఇంజిన్‌తోనే ఉన్నట్టు.

అలా కలిసిన అరుదైన బండిని కస్టమ్ చేయమంటే ఒప్పుకోకూడదని నా అభిప్రాయం. ఆ ఏడాది జెడ్‌ఎల్1 అనే ప్రత్యేక ఇంజిన్ పెట్టిన కమారోలు 69 మాత్రమే చేశారు. అలాంటిదాన్ని కోసి కొత్త ఇంజిన్ పెడితే విలువంతా చెత్తబుట్టలోకే. అసలు ఇంజిన్ ఎప్పుడో పోయిన మామూలు కూపే ఈ పనికి సరైన బండి. ఇంకో మాట: బండి జెడ్/28, అంటే కమారోలో స్పోర్ట్స్ వెర్షన్, అన్న సంగతి ఆ ఏడాది వీఐఎన్‌లో ఉండదు. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద బండి వివరాల కోడ్‌లుండే ట్రిమ్ ట్యాగులకు నకళ్లు కూడా దొరుకుతాయి. అందుకే అమ్మేవాడి మాట ఒక్కటే నమ్మి కొనకండి.

[దృశ్యం: పెయింట్ ఊడదీసిన బాడీ, కెమెరా నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది]

పెయింట్ తీశాక అసలు కథ బయటపడుతుంది. వెనక అద్దం అంచు, డిక్కీ అడుగు, అద్దం కింది కౌల్, వెనక చక్రాల పైభాగం తుప్పుకి ఇష్టమైన చోట్లు. పైకప్పు మీద వినైల్ టాప్ (ప్లాస్టిక్ తొడుగు) వేసిన బండైతే దాని కింద తేమ నిలిచి పైకప్పు రేకు కూడా తినేస్తుంది. పెయింట్ తీయడానికి బానెట్, పైకప్పు లాంటి వెడల్పాటి రేకుల మీద ఇసుక గట్టిగా కొడితే అవి వంకర తిరుగుతాయి, అక్కడ ఇసుక బదులు మెత్తని రవ్వ వాడాలి. పైకప్పు, వెనక ఫెండర్ కలిసే చోట ఫ్యాక్టరీవాళ్లు సీసం కరిగించి నింపారు. దాన్ని తీసేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

బాడీ మరీ పాడైతే? 1969 కమారోకి కొత్త బాడీ షెల్ మొత్తంగా దొరుకుతుంది. కానీ పాత వీఐఎన్ ప్లేటు ఊడదీసి కొత్త షెల్‌కి బిగిస్తే చట్టపరంగా ఇరుక్కుంటారు. బండి రిజిస్టర్ చేయబోయే రాష్ట్రంలో రూల్ ఏమిటో ముందే కనుక్కోవాలి.

[దృశ్యం: రంగు లేని బాడీలోకి దిగుతున్న ఎల్‌ఎస్3 ఇంజిన్]

ఇప్పుడు మాకప్. టైలర్ కచ్చా కుట్టు వేసి ఒకసారి తొడిగి చూసినట్టే, రంగు వేయకముందే బండి మొత్తం బిగించి చూస్తారు. కస్టమర్లకు విసుగు పుట్టేది ఇక్కడే: "అంతా బిగించేశారుగా, మళ్లీ ఎందుకు విప్పుతున్నారు?"

ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడే తేలతాయి. ఎల్‌ఎస్3 అంటే 6.2 లీటర్ల వీ8, క్రేట్ ఇంజిన్‌గా, అంటే పెట్టెలో విడిగా కొనే కొత్త ఇంజిన్‌గా, 430 హార్స్‌పవర్. దాని ఆయిల్ పాన్ పాత సబ్‌ఫ్రేమ్‌కి (ఇంజిన్ కూర్చునే ముందు ఫ్రేమ్‌కి) తగులుతుంది, వేరే పాన్ కావాలి. ఆరు గేర్ల ట్రాన్స్‌మిషన్ పెడితే ఫ్లోర్ మధ్యలోని టన్నెల్ కోసి ఎత్తు పెంచాలి. పాత కార్బ్యురేటర్‌కి 6 పీఎస్‌ఐ ఇంధన ప్రెషర్ సరిపోయేది. ఎల్‌ఎస్3కి 58 కావాలి, కాబట్టి పంపు, ట్యాంకు, పైపులు అన్నీ మారతాయి. కమారోకి ముందు సబ్‌ఫ్రేమ్ బోల్టులతో బిగించి ఉంటుంది, వెనక సగం యూనిబాడీ, అంటే విడిగా ఫ్రేమ్ లేకుండా బాడీయే ఫ్రేమ్. ఇంత పవర్ వచ్చాక బాడీ మెలితిరగకుండా ఈ రెండింటినీ కనెక్టర్లతో కలపాలి. ఇవన్నీ రంగు వేశాక చేస్తే వెల్డింగ్ వేడికి పెయింట్ కాలిపోతుంది.

అన్నట్టు, పాత జెడ్/28కి రాసిన 290 హార్స్‌పవర్‌ని ఈ 430తో పక్కపక్కన పెట్టి పోల్చకండి. అప్పట్లో ఆల్టర్నేటర్, ఎగ్జాస్ట్ లాంటివి లేకుండా ఇంజిన్‌ని విడిగా కొలిచేవారు. 1972 నుంచి కొలత మారింది.

[దృశ్యం: తలుపు, ఫెండర్ మధ్య సందు కొలుస్తున్న చేతులు]

తలుపుల సందులు సరిచేసేది కూడా మాకప్‌లోనే. 1969లో ఫ్యాక్టరీ నుంచే అవి వంకరటింకరగా వచ్చేవి. కస్టమర్‌కి మాత్రం పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు కావాలి. అంచుకి సన్నటి కడ్డీ వెల్డ్ చేసి, అరగదీసి, మళ్లీ తలుపు మూసి చూడాలి. గంటలు ఇలాగే కరిగిపోతాయి.

ఆ తర్వాత విప్పి, ప్రైమర్ కొట్టి, ఇసుక కాగితం చుట్టిన బ్లాక్‌తో సాపు చేసి, బేస్ కోట్ (రంగు), దాని మీద క్లియర్ కోట్ (పారదర్శక పూత) వేస్తారు.

[స్క్రీన్ మీద: ఒప్పందం కాగితం]

డబ్బు మాట. తుప్పు ఎంతుందో చూడకముందే ఒకే మొత్తం చెప్పే షాపుని నేను నమ్మను. గంటల లెక్కన, ఫొటోలతో నెలనెలా బిల్లు పంపేవాళ్లు నయం. చక్రాల సైజు ముందే ఖాయం చేసి ఒప్పందంలో రాయించుకోండి. 15 అంగుళాలనుకుని మధ్యలో 18కి, వెడల్పు టైర్లకి మారితే లోపలి వీల్ టబ్బుల (చక్రాల మీది రేకు గూళ్ల) నుంచి మళ్లీ పని మొదలు.

[దృశ్యం: పూర్తయిన బండి రోడ్డు మీద]

బండి ఇచ్చేముందు రోడ్డు మీద తిప్పి, బోల్టులన్నీ మళ్లీ బిగించి, అలైన్‌మెంట్ చూస్తారు. కాలిఫోర్నియా కస్టమర్ అయితే 1975, అంతకుముందు మోడల్ పెట్రోలు బండ్లకు స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) ఉండదు, ఆ టెన్షన్ లేదు. ఇన్సూరెన్స్ మాత్రం మామూలుది చాలదు. విలువ ముందే ఒప్పుకుని రాసే "అగ్రీడ్ వాల్యూ" పాలసీ అడగండి, బిల్లులు, ఫొటోలు దానికే పనికొస్తాయి.