చివరి అంచె నుంచి వెనక్కి

సభకు నమస్కారం.

మీలో చాలామంది వచ్చే జులై, ఆగస్టుల్లో అడవి జంతువుల ఫోటోలు తీయడానికి కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి బయలుదేరుతున్నారని నిర్వాహకులు చెప్పారు. విల్డెబీస్ట్‌లనే పెద్ద జింకల మందలు మారా నదిని దాటే రోజులవి. ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు గొప్పది అన్న చర్చ జోలికి ఈరోజు నేను పోను. ఉన్న సరంజామాను అక్కడిదాకా చేర్చడం, అక్కడ కాపాడుకోవడం, తీసిన ఫోటోలతో క్షేమంగా తిరిగి రావడం, ఇంతవరకే మాట్లాడతాను. ఇన్ని ప్రయాణాల్లో నేను నేర్చుకున్న సూత్రం ఒకటే. ఇంట్లో అల్మారా ముందు నిలబడి సామాను సర్దకూడదు. ప్రయాణంలో చివరి అంచె ఏదో తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి.

నైరోబీలో పెద్ద విమానం దిగే విమానాశ్రయం వేరు, మారాకు చిన్న విమానాలు ఎగిరే విల్సన్ విమానాశ్రయం వేరు. ఆ చిన్న విమానమే మన చివరి అంచె. విల్సన్‌లో తరచుగా ఎక్కించేది సెస్నా క్యారవాన్. ఒంటి ఇంజను, పట్టుమని పన్నెండు మంది పట్టే విమానం. మారాలో అది దిగేది మట్టి నేల మీద. కాబట్టి బరువు విషయంలో అక్కడ మొహమాటాలు ఉండవు. సాధారణంగా మనిషికి 15 కిలోలు, అదీ చేతిలో ఉన్నది, వీపున ఉన్నది అన్నీ కలిపి. సంచి మెత్తగా, వంగేలా ఉండాలి. గట్టి చట్రమున్న చక్రాల పెట్టె విమానం పొట్ట కింది అరలోకి దూరదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నా సంచులను త్రాసు మీద పెడితే 23 కిలోలు చూపించింది. వెనక జనం వరుసలో ఆగి ఉన్నారు. నేను గచ్చు మీద కూర్చుని, జిప్పులు తీసి, ఏది వదలాలో అప్పటికప్పుడు తేల్చుకోవలసి వచ్చింది. ట్రైపాడ్, రెండు ఫ్లాష్‌లు, ఒక వైడ్ లెన్సు, బూట్లు, సగం బట్టలు అక్కడే విమాన సంస్థ వాళ్ల గదిలో వదిలి వెళ్లాను. ఆ తర్వాతి ఆరు రోజుల్లో వాటిలో ఏ ఒక్కటీ నాకు అవసరపడలేదు. అప్పటి నుంచి ఆ 15 కిలోల అంకెను ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే సంచి తీస్తున్నాను.

లెక్క చూడండి. దూరాన్ని దగ్గర చేసే 600 మిల్లీమీటర్ల ఎఫ్ 4 లెన్సు సుమారు 3 కిలోలు. రెండు బాడీలు, అంటే లెన్సు లేని కెమెరాలు, రెండున్నర కిలోలు. చిన్న జూమ్ లెన్సు ఒకటి కిలోన్నర. ఛార్జర్లు, బ్యాటరీలు, డిస్కులు మరో కిలోన్నర. సంచి బరువే రెండు కిలోలు. పదిన్నర అయిపోయింది. బట్టలకు, మందులకు మిగిలింది నాలుగున్నర. అది చాలు, ఎందుకంటే చాలా క్యాంపుల్లో బట్టలు ఉతికి ఇస్తారు, మూడు జతలతో వారం గడుస్తుంది. నిజంగా చాలదనుకుంటే సామాను కోసం ఇంకో సీటు కొనే వీలుంది, కానీ ముందే అడగాలి. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ నుంచి క్రూగర్ పార్కుకు కారులో వెళ్లేవాళ్లకు ఈ బాధ లేదు.

ఇక జీపు సంగతి. ట్రైపాడ్ కాళ్లు చాపుకునే చోటు సఫారీ వాహనంలో ఉండదు. అక్కడ పనికొచ్చేది బీన్ బ్యాగ్. ఖాళీ సంచి తీసుకెళ్లండి, మూడు వందల గ్రాములు కూడా ఉండదు. క్యాంపుకు చేరాక వంటవాళ్లను అడిగి బియ్యమో చిక్కుడు గింజలో నింపుకోండి, వచ్చే ముందు తిరిగి ఇచ్చేయండి. కిటికీ అంచున, పైకప్పు తెరిచిన చోట అది లెన్సును పసిబిడ్డలా పొదివి పట్టుకుంటుంది. డ్రైవరును ఇంజను ఆపమని అడగండి. ఇంజను అదురు ఆగినా, తోటివాళ్లు సీటు మారితే బండి ఊగుతుంది. అందుకే షటర్ నొక్కేటప్పుడు ఎవరూ కదలకూడదని మేము ముందే మాట అనుకుంటాం.

రెండు బాడీలు ఎందుకని చాలామంది అడుగుతారు. మారాలోని తలెక్ నది ఒడ్డున ఒక ఉదయం చిరుత చెట్టు కొమ్మ మీద పడుకుని ఉంది. నలభై నిమిషాలు పెద్ద లెన్సుతోనే గడిపాను. అది లేచింది, ఒళ్లు విరుచుకుంది, తల కిందికి పెట్టి మాను మీదుగా జారుతూ దిగింది. నేరుగా మా బండి వైపే నడిచింది. పెద్ద లెన్సులో ముందు దాని ముఖం, తర్వాత ఒక కన్ను, నాలుగు మీసాలు మాత్రమే మిగిలాయి. ఇంకో రెండడుగులు వేసేసరికి ఫోకస్ కూడా కుదరలేదు, ఆ లెన్సుకు కనీస దూరం నాలుగున్నర మీటర్లు. ఒడిలో ఉన్న రెండో బాడీని ఎత్తాను, దానికి చిన్న జూమ్ ఉంది. గడ్డి తడి, దాని పాదాలు, వెనక నది పొగమంచు, అన్నీ ఆ ఒక్క ఫ్రేములో వచ్చాయి. లెన్సు మార్చే పని పెట్టుకుని ఉంటే, నేను మూత తీసేలోపు అది పొదల్లోకి వెళ్లిపోయేది.

లెన్సు మార్చవద్దనడానికి ఇంకో కారణం దుమ్ము. మారాలో చాలా చోట్ల నేల నల్లరేగడి. తడిస్తే చక్రాలు దిగబడతాయి, ఎండితే పిండిలా లేస్తుంది. కెన్యాలోనే ఉన్న త్సావో పార్కులో అయితే ఎర్ర దుమ్ము, అక్కడి ఏనుగులే ఎర్రగా కనిపిస్తాయి. నా దగ్గర ఉన్న మంచి ఉపాయం దిండు గలీబు. ఒక్కో కెమెరాను, లెన్సుతో సహా, ఒక్కో గలీబులో దించి ఒడిలో పెట్టుకుంటాను. పైకి లాగితే సెకనులో బయటికి వస్తుంది, రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దుటికి సిద్ధం. ప్లాస్టిక్ సంచులు చుట్టే అలవాటు ఉంటే మానుకోండి. కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి, టాంజానియా 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించాయి, రువాండా 2008లోనే. ఇది మంచి చట్టం.

బట్టల రంగుల గురించీ ఒక మాట. నలుపు, ముదురు నీలం రక్తం పీల్చే త్సెత్సె ఈగలను లాగుతాయి, వాటిని పట్టే ఉచ్చులను ఆ రంగు గుడ్డలతోనే కడతారు. లెన్సుకు చుట్టే సైనికుల మచ్చల గుడ్డ ఉంది చూడండి, దాన్ని ఇంట్లోనే వదలండి. జింబాబ్వే, జాంబియాలలో ఆ గుడ్డతో బట్టలు వేసుకోవడం పౌరులకు నేరం. అలాంటి చోట ఆ తొడుగుతో చిక్కులు కొనితెచ్చుకోవడం ఎందుకు?

లెన్సుకు, కెమెరాకు మధ్య తగిలించి దూరపు దృశ్యాన్ని ఇంకా పెద్దది చేసే ఎక్స్‌టెండర్లు మోయడం మీద నాకు నమ్మకం లేదు. ఎండ ముదిరాక నేల మీది గాలి అలలుగా ఆడుతుంది, ఎండమావి పుట్టించేది అదే. దాని గుండా తీసిన ఫోటోను ఏ గాజూ బాగుచేయలేదు.

క్యాంపులో కరెంటు చాలా చోట్ల సౌరశక్తిదే, భోజనాల గుడారంలో మాత్రమే ఛార్జింగ్ పెట్టుకోనిచ్చే చోట్లున్నాయి. కెన్యా, టాంజానియాల్లో మూడు చదునైన పిన్నుల ప్లగ్గు, దక్షిణాఫ్రికాలో లావుపాటి గుండ్రటి పిన్నులది. ఒక అడాప్టర్, నాలుగు ప్లగ్గులు పట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే పక్కవాళ్లకూ సాయపడతారు. కార్డుల సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. 45 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో ముడి ఫోటో ఫైలు (రా ఫైలు) దాదాపు 50 ఎంబీ. సెకనుకు 20 ఫ్రేముల చొప్పున వేలు తీయకుండా నొక్కితే సెకనుకు ఒక జీబీ పోతుంది. 128 జీబీల కార్డు రెండు నిమిషాల్లో నిండుతుంది. నది దాటే దృశ్యం చాలాసార్లు అంతకంటే ఎక్కువ సేపు సాగుతుంది. ప్రతి రాత్రీ రెండు డిస్కుల మీదికి ఎక్కించండి, ఒకటి మీ దగ్గర, ఒకటి తోటి ప్రయాణికుడి సంచిలో. వీలైతే ఇల్లు చేరేదాకా కార్డులు చెరపకండి.

ఇక పెద్ద విమానం. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 7.2 వోల్టుల, 2 ఆంపియర్ అవర్ల కెమెరా బ్యాటరీ 14.4 మాత్రమే, 100 దాకా సాధారణంగా చిక్కు లేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతితో రెండు తీసుకెళ్లవచ్చు, అంతకు మించితే కుదరదు. వీడియో తీసేవాళ్ల పెద్ద బ్యాటరీలతోనే ఇబ్బంది. విడి బ్యాటరీల లోహపు మొనలకు టేపు అంటించండి. గేటు దగ్గర చోటు లేదని మీ చేతి సంచిని కిందికి పంపమంటే, ముందు బ్యాటరీలను బయటికి తీయండి. ఆ హడావుడిలో మరచిపోయేది అదే.

మీ పరికరాల పేర్లు, సీరియల్ నంబర్ల జాబితా రాసి, వెళ్లేటప్పుడే మీ దేశపు కస్టమ్స్ వాళ్లతో ధ్రువీకరణ చేయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు, ఇవి విదేశంలో కొన్నవి కావని చూపే కాగితం అది. ఆ జాబితాయే బీమాకూ పనికొస్తుంది. ఆ పాలసీలో, బండిలో వదిలిన సంచికి పరిహారం ఉందో లేదో చదవండి. డ్రోన్ తీసుకెళ్లకండి. కెన్యా, టాంజానియా, బోట్స్వానా జాతీయ పార్కుల్లో ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయడం నిషిద్ధం.

ఆఖరుగా, నాకు అన్నింటికంటే ముఖ్యమైనది. మారాలో ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఉండకూడదని నియమం. దాన్ని మీరే డ్రైవరుకు గుర్తుచేయండి. ఇంకా దగ్గరికి పోనివ్వమని ఆయనను ఒత్తిడి చేసేది ఎక్కువగా మనలాంటి కెమెరాలవాళ్లే. 2018లో మారా చీతాల మీద వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పర్యాటకులు తక్కువ ఉన్న చోట ఒక్కో ఈతలో సగటున 2.3 కూనలు పెరిగి పెద్దవయ్యాయి, రద్దీ ఉన్న చోట 0.2. ఈ అంకె చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ మూడు కిలోల లెన్సును అంత కష్టపడి మోసేది దూరంగా ఉండడానికే. అలాగే కెమెరాలో, ఫోనులో జీపీఎస్ గుర్తును ఆపేయండి. మీరు పంచుకునే ఖడ్గమృగం ఫోటోలో స్థలం గుర్తు ఉంటే, వేటగాడికి దారి చూపినట్టే.

నేను ఈసారికి సర్దుకున్న సంచి ఈ బల్ల మీద ఉంది, పక్కన త్రాసు ఉంది. 14 కిలోల 600 గ్రాములు. గలీబులు, ఖాళీ బీన్ బ్యాగ్ పైనే ఉన్నాయి. ఒక్కొక్కరు వచ్చి ఎత్తి చూడండి, విప్పి చూడండి, అడగవలసినవి అడగండి.