తిన్నది ఎక్కడ ఒంటికి పడుతుంది?

అందరికీ నమస్కారం. సరిగ్గా భోజనానికి ముందు పేగుల గురించి మాట్లాడమన్నారు, ఎవరి ఐడియానో గానీ, సరే కానిద్దాం.

ముందు ఒక్క సంగతి ఒప్పుకుందాం. మీరు మింగిన ముద్ద ఇంకా మీ శరీరంలోకి వెళ్లినట్టు కాదు. నోటి నుంచి కింది దాకా ఉన్నది ఒకటే గొట్టం, అందులో ఉన్నంతసేపూ అది బయటి వస్తువే, గోడ దాటి అవతల పడితేనే మనది. ఆ దాటించే పని దాదాపు మొత్తం చిన్న పేగే చేస్తుంది. పేరేమో జీర్ణాశయానికి వచ్చింది! ఆపరేషన్ చేసి జీర్ణాశయాన్ని పూర్తిగా తీసేసినా మనిషి బతుకుతాడు, కొంచెం కొంచెంగా తింటూ, బీ12 ఇంజక్షన్లు వేయించుకుంటూ. చిన్న పేగు మొత్తం పోతే మాత్రం పోషకాలు నరంలోకి ఎక్కించాల్సిందే.

ఇప్పుడు పప్పూ అన్నం, పైన నెయ్యి తిన్నారనుకోండి. అన్నంలోని పిండిపదార్థాన్ని క్లోమరసం ముక్కలు చేస్తే, పేగు గోడ మీదే ఉండే ఎంజైములు చివరి కోత కోసి గ్లూకోజ్ చేస్తాయి. పప్పులోని ప్రోటీన్ కూడా అలాగే అమైనో ఆమ్లాలవుతుంది. ఈ రెండూ రక్తంలో కలిసి నేరుగా కాలేయానికి పోతాయి. నెయ్యి దారి వేరు: పైత్యరసం దాన్ని సన్నటి బిందువులుగా విడగొట్టాలి, తర్వాత ఎంజైము కోయాలి, గోడ దాటాక కూడా అది కాలేయానికి పోకుండా శోషరస (లింఫ్) నాళాల్లో పైకి ప్రయాణం చేసి మెడ దగ్గర సిరలో కలుస్తుంది. పప్పులోని ఐరన్ ఎక్కువగా పేగు మొదట్లోనే లోపలికి వెళ్తుంది, దానికి నిమ్మరసం సాయపడుతుంది, టీ అడ్డుపడుతుంది, కాబట్టి భోజనంతో పాటు నిమ్మరసం మంచిది, టీ మంచిది కాదు. బీ12 మాత్రం చివరి భాగం దాకా ఆగాలి.

ఇంత పని చేసే గోడ లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. దాని మీద మడతలు, మడతల మీద వేళ్లలా పొడుచుకొచ్చిన చిన్న చిన్న చూషకాలు, వాటి కణాల మీద ఇంకా సూక్ష్మమైన చూషకాలు. పరిస్తే టెన్నిస్ కోర్టంత వస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు మళ్లీ కొలిచి సుమారు 30 చదరపు మీటర్లేనన్నారు. అయినా తక్కువేం కాదు. పైగా ఆ పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తదైపోతుంది, కాబట్టి "పేగులు కడిగే" పొడులు అమ్మేవాళ్లకు మీరు డబ్బులివ్వక్కర్లేదు.

అసలు నాకు ఇష్టమైన విషయం నీళ్లది. రోజుకు దాదాపు తొమ్మిది లీటర్ల ద్రవం పేగులోకి వస్తుంది, మనం తాగేది రెండు, మిగతాది లాలాజలం, జీర్ణరసాలు. అదంతా తిరిగి లోపలికి లాగేసుకుని బయటికి వంద, రెండొందల మిల్లీలీటర్లే వదులుతుంది. కలరాలో ఈ లెక్క తలకిందులవుతుంది, ఉత్త నీళ్లు తాగిస్తే సరిపోదు. కానీ గోడలో ఒక ద్వారం ఉంది, అది సోడియంనీ గ్లూకోజ్‌నీ కలిపే లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి, విరేచనాలప్పుడు కూడా ఇది పనిచేస్తూనే ఉంటుంది. అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో ఈ సంగతి చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థుల మధ్య కలరా వ్యాపించి, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో నరంలోకి ఎక్కించే సెలైన్ అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు పెట్టించి ఇంటివాళ్ల చేతే తాగించారు. అప్పటిదాకా నూటికి ముప్పై దాకా ఉన్న చావులు, ఆ నీళ్లు తాగినవాళ్లలో నాలుగు లోపుకు దిగాయి.

ఆ నీళ్ల కోసం ఇంట్లో ఓఆర్‌ఎస్ (ఉప్పూ గ్లూకోజూ కలిపిన పొడి) ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. తియ్యగా ఉంటే పిల్లలు తాగుతారని పంచదార పెంచకండి, ఎక్కువైతే అది నీళ్లను పేగులోకే లాగి విరేచనాలు పెంచుతుంది, కూల్‌డ్రింకులతో వచ్చే ఇబ్బందీ అదే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెట్టండి.